పరుల యంత్రము, మన ద్వారము

ఒకరు నమ్మి మన చేతికిచ్చిన సొత్తును, అది మనది కాదను స్పృహను క్షణమైనను విడువక, మన సొంత సొత్తుకంటె మిక్కుటమైన జాగరూకతతో కాపాడి, అడిగిన నాడు చెక్కుచెదరకుండ అప్పగింపవలెనను నీతి ఈ దేశమున నిన్న మొన్న పుట్టినది కాదు. మనుస్మృతి లోకమందలి వివాదములను పదునెనిమిది వ్యవహారపదములుగా విభజించి, అందు మొదటి స్థానమును ఋణమునకును, రెండవ స్థానమును నిక్షేపమునకును ఇచ్చినది. నమ్మి దాచనిచ్చిన ధనమును మన ధర్మశాస్త్రకర్తలు ఎంత గౌరవముతో చూచిరో ఆ వరుసయే చెప్పుచున్నది. నేటి కార్యాలయములలో ఆ నిక్షేపము బంగారు రూపమున లేదు. ఆడిటరునొద్దనున్న వ్యాపారి పాన్ సంఖ్య, ఆసుపత్రియందున్న రోగి రక్తపరీక్షా ఫలితము, పాఠశాలయందున్న విద్యార్థి ఆధార్ ప్రతి, సాఫ్ట్‌వేర్ సంస్థయందున్న విదేశీ ఖాతాదారుల పట్టిక, ఇవి యన్నియు నిక్షేపములే. వీనిని పుచ్చుకొన్న ప్రతి సంస్థయు, తెలిసియో తెలియకయో, కాపాడెదనని మాట ఇచ్చినట్లే.

ఈ నిక్షేపములు ఇప్పుడు ఇనుప బీరువాలలో లేవు. గూగుల్ డ్రైవ్‌లోను, వన్‌డ్రైవ్‌లోను, సేల్స్‌ఫోర్స్, జోహో వంటి సేవలలోను, అనగా ఇంటర్నెట్ ఉన్న ఏ తావునుండియైనను తెరువదగిన క్లౌడ్ యాప్‌లలో ఉన్నవి. బీరువాను తెరచుటకు కార్యాలయమునకు రావలసియుండెను. క్లౌడ్ యాప్‌ను తెరచుటకు ఒక పేరు, ఒక పాస్‌వర్డ్, ఏదో ఒక యంత్రము చాలును. ఆ మూడవదైన యంత్రమును గూర్చి విచారింపకుండ మొదటి రెండింటినే పరీక్షించి ఊరకుండుట వలన కలుగు అనర్థమును, దానికి తగిన ప్రతిక్రియను ఈ అధ్యాయము వివరించును. ఇది పెద్ద సంస్థల భద్రతాధికారులకే ఉద్దేశింపబడినది కాదు. పదిమందితో కార్యాలయము నడుపు యజమానికి దీని యావశ్యకత అంతకంటె ఎక్కువ.

రెండు అపరిచితములు

కార్యాలయము తన పట్టికలో చేర్చుకొని, డిస్కును గుప్తీకరించి, అప్‌డేట్‌లు సకాలమున ఎక్కునట్లు చేసి, మాల్‌వేర్‌ను పట్టు సాఫ్ట్‌వేర్‌ను నెలకొలిపి, పోయినచో దూరమునుండియే తుడిచివేయగల యంత్రము యాజమాన్యమునకు లోబడినది. ఈ అధికారములలో ఏదియు మన చేత లేని యంత్రము లోబడనిది. ఉద్యోగి సొంత ఫోను, పగలు పిల్లలు ఆటలాడగా రాత్రి తండ్రి ఆఫీసు మెయిలు చూచుకొను ఇంటి కంప్యూటరు, కాంట్రాక్టరు వెంట తెచ్చుకొన్న ల్యాప్‌టాప్, ఊరిలోని ఇంటర్నెట్ సెంటరు యంత్రము, ఇవి యన్నియు ఈ రెండవ తరగతిలోనివి. లోబడని యంత్రము చెడ్డదే కావలెనని నియమము లేదు. దాని ఆరోగ్యము మనకు తెలియదు, అంతియే. తెలియనిదానిని తెలిసినట్లు భావించి తలుపు తీయుటయే మన దోషము.

రెండవ అపరిచితము యాప్. ప్రమాదకరమైన యాప్ అనగానే దొంగలు పన్నిన మాయాజాలమని తలపరాదు. ఎవరు నడుపుచున్నారో తెలియనిది, ఎక్కించిన ఫైలును ఎంతకాలముంచునో చెప్పనిది, రెండంచెల ధ్రువీకరణము లేనిది, ఖాతా మూసిన పిదప మన దత్తాంశము ఏమగునో నిబంధనలలో తేల్చనిది, ఇట్టి ప్రతి యాప్‌యు మన నిక్షేపమునకు ప్రమాదకరమే. ప్రభుత్వ పోర్టల్ ఏదో యొకటి ఫైలు 200 కేబీకి మించరాదని నిర్బంధించును. దరఖాస్తు గడువు ఆ సాయంత్రముతో తీరును. గుమస్తా తన ఫోనులో వెదకగా, పీడీయఫ్‌ను ఉచితముగా కుదించు సైటులలో మొదట కనబడినదానిలోనికి ఖాతాదారుని ఆధార్, బ్యాంకు పాసుపుస్తకము, భూమి పత్రము ఒకదాని వెంట నొకటి ఎక్కిపోవును. ఇందు ద్రోహబుద్ధి లేదు. పని త్వరగా ముగింపవలెనను శ్రద్ధయే కలదు. కాని ఆ పత్రములు ఇప్పుడెక్కడ నున్నవని ఖాతాదారుడు అడిగినచో చెప్పగలవారు ఆ కార్యాలయమున ఒక్కరును ఉండరు.

ఈ రెండు అపరిచితములు కలిసికొన్న చోట మన ఆజ్ఞ పూర్తిగా నిలిచిపోవును. కార్యాలయపు నెట్‌వర్క్‌పై ఒక సైటును ఫైర్‌వాల్ ఆపగలదు. కార్యాలయపు ల్యాప్‌టాప్‌పై అందు నిలిపిన సాఫ్ట్‌వేర్ ఆపగలదు. ఉద్యోగి తన సొంత ఫోనులో, తన సొంత మొబైల్ డేటాతో తెరచిన యాప్‌ను ఆపగల శక్తి మనకు లేదు. 2023లో శామ్‌సంగ్ ఉద్యోగులు సంస్థ సోర్స్ కోడ్‌ను చాట్‌జీపీటీలో ఉంచిరని తెలిసిన పిమ్మట, ఆ సంస్థ అట్టి సాధనములను తన యంత్రములపైనను, తన నెట్‌వర్క్‌పైనను నిషేధించినది. ఉద్యోగుల సొంత యంత్రముల విషయమున మాత్రము, సంస్థ సమాచారమును అందు ఉంచవలదని కోరుటతో సరిపెట్టుకొనవలసి వచ్చినది. అంతటి సంస్థకైనను తనది కాని యంత్రముపై విన్నపము తప్ప శాసనము లేకపోయినది.

కావున ఈ అధ్యాయమంతయు ఒక్క సూత్రముపై నిలిచియున్నది. పరుల యంత్రముపై మన శాసనము చెల్లదు. మన దత్తాంశము వెలువడు ద్వారముపై చెల్లును. ఉద్యోగి ఫోనులో ఏ యాప్‌లున్నవో గాలించు ప్రయత్నము నిష్ఫలము, అనుచితము కూడ. ఆ ఫోనునకు మన దత్తాంశములో ఎంత భాగము, ఏ రూపమున, ఎంత కాలము అందవలెనో నిర్ణయించుట సాధ్యము, ధర్మ్యము.

నష్టములు నేర్పిన పాఠములు

2024వ సంవత్సరమున, స్నోఫ్లేక్ అను క్లౌడ్ సేవలో దత్తాంశము దాచుకొన్న అనేక సంస్థలు దోపిడికి గురియైనవి. ఆ సేవయొక్క మూలవ్యవస్థను ఎవరును ఛేదింపలేదనియు, ఖాతాదారుల లాగిన్ వివరములే దొంగల చేతబడినవనియు మాండియంట్ అను సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు తేల్చిరి. సుమారు 165 సంస్థలకు హెచ్చరిక పంపబడెను. ఆ వివరములు దొరికిన తావు ఏదన, ఇన్ఫోస్టీలర్ అను మాల్‌వేర్ సోకిన కంప్యూటర్లు. వానిలో కొన్ని కాంట్రాక్టర్ల యంత్రములు. ఖాతాదారుల పని జరిగిన ఆ యంత్రములపైననే వీడియో ఆటలును, దొంగప్రతుల సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్‌లును సాగెను. దొంగలు వాడుకొన్న వివరములలో అన్నిటికంటె పాతవి 2020 నవంబరు నాటి మాల్‌వేర్ వలన పోయినవి. మూడేండ్లు దాటినను ఆ పాస్‌వర్డ్‌లు మారలేదు. దోపిడికి లోనైన ఖాతాలకు రెండంచెల ధ్రువీకరణము లేదు. ఏ నెట్‌వర్క్‌నుండి వచ్చిన లాగిన్‌ను అనుమతింపవలెనను కట్టడియు లేదు. ఆ వరుసలోనే ఏటీ అండ్ టీ సంస్థ, 2022 మే మొదలు అక్టోబరు వరకు తన మొబైల్ వినియోగదారులలో దాదాపు అందరి కాల్, సందేశముల వివరములు చోరీకి గురియైనవని 2024 జులైలో ప్రకటింపవలసి వచ్చెను. హైదరాబాదులోను, అమెరికా నగరములలోను కాంట్రాక్టు పద్ధతిపై పని చేయు తెలుగు ఇంజనీర్లు అనేకులున్నారు. ఒకరు పలు సంస్థలకు పని చేయునప్పుడు ఆ యొక్కని ల్యాప్‌టాప్ పలు బీరువాలకు తాళపుచెవి యగునని వారును, వారిని నియమించువారును గుర్తింపవలెను.

లాస్ట్‌పాస్ ఉదంతము ఇంకను సూక్ష్మమైనది. పాస్‌వర్డ్‌లను భద్రపరచుటయే వృత్తియైన ఆ సంస్థలో, గుప్తీకరణమును విప్పు తాళములు నలుగురు ఉద్యోగులకు మాత్రమే అందుబాటులో నుండెను. 2022లో దొంగలు ఆ నలుగురిలో ఒకరి ఇంటి కంప్యూటరును ఎన్నుకొని, అందులోని మీడియా సాఫ్ట్‌వేర్ లోపముద్వారా ప్రవేశించి, మీటలు నొక్కినప్పుడెల్ల నమోదు చేయు మాల్‌వేర్‌ను నిలిపి, ఆయన రెండంచెల ధ్రువీకరణము పూర్తి చేసి లోపలికి పోయిన పిదప మాస్టర్ పాస్‌వర్డ్‌ను గ్రహించిరి. ధ్రువీకరణము ఉండెను, అధికారము కొద్దిమందికే పరిమితమై యుండెను, ఏ యంత్రమునుండి తెరువవచ్చును అను ప్రశ్న మాత్రము ద్వారమువద్ద గట్టిగా అడుగబడలేదు.

సంస్థలకు లాగిన్ సేవ నందించు ఓక్టా అను సంస్థలో 2023 అక్టోబరున బయటపడిన ఉదంతము మరియొక అంచును చూపును. అచ్చట యంత్రము సంస్థదే. కాని ఉద్యోగి అందలి క్రోమ్ బ్రౌజర్‌లో తన సొంత గూగుల్ ఖాతాతో లాగిన్ అయి యుండెను. ఒక సర్వీస్ ఖాతా పాస్‌వర్డ్ ఆ సొంత ఖాతాలో భద్రమైపోయెను. దానితో దొంగలు 134 మంది ఖాతాదారులకు సంబంధించిన ఫైళ్లను తెరచిరి. యంత్రము మనదైనను, అందు తెరచిన ఖాతా పరునిదైనచో ఆ మేరకు అది లోబడని యంత్రమే యగును. అందుచేత కార్యాలయపు బ్రౌజర్‌లో కార్యాలయపు ఖాతా మాత్రమే తెరచుకొనునట్లు నియమించుట ఈ ప్రయత్నములో విడదీయరాని భాగము.

ముందు చూడుడు, పిదప శాసింపుడు

చాలమంది యజమానులు మొదట నిషేధపత్రము వ్రాసి, తరువాత ఏమి నిషేధించితిమో విచారింతురు. క్రమము తలక్రిందులు కారాదు. మొదట మీ కార్యాలయమున నిజముగా వాడుకలో నున్న యాప్‌ల పట్టిక తయారు చేయుడు. ఫైర్‌వాల్ లాగ్‌లు ఒక భాగము చెప్పును. కార్డుపై నెలనెల పోవు చందాలు ఒక భాగము చెప్పును. గూగుల్ లేక మైక్రోసాఫ్ట్ అడ్మిన్ పేజీలో, ఉద్యోగులు తమ ఆఫీసు ఖాతాతో ఏ బయటి యాప్‌లకు అనుమతి ఇచ్చిరో చూపు జాబితా మరియొక భాగము చెప్పును. పెద్ద సంస్థలకు ఇందు సహాయపడు సాధనములు కలవు. మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఫర్ క్లౌడ్ యాప్స్ అను సేవ 31 వేలకు పైబడిన యాప్‌లను 90కి మించిన ప్రమాదకారణములతో తూచి, ఒక్కొక్కదానికి పదింటికి ఇన్ని మార్కులని ఇచ్చును.

ఐనను ఈ లాగ్‌లన్నియు మన నెట్‌వర్క్‌ను గాని, మన యంత్రములను గాని తాకిన రాకపోకలనే చూపును. ఉద్యోగి సొంత ఫోనులో జరుగునది వానిలో కానరాదు. దానిని తెలిసికొను మార్గ మొక్కటే: ఆ మనుష్యుని అడుగుట. ఏ పని చేయునప్పుడు, ఏ ఇబ్బంది కలిగి, ఏ యాప్‌ను ఆశ్రయించితివని శిక్షాభయము లేకుండ అడిగినచో, ఏ లాగ్‌యు చెప్పజాలని సత్యము బయటపడును. ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానములే మీ పట్టికలో మిక్కిలి విలువైన పుట.

పట్టిక సిద్ధమైన పిదప మూడు విభజనలు చేయుడు. యాప్‌లలో సంస్థ అనుమతించినవి, హద్దులతో సహించునవి, కూడనివి. యంత్రములలో లోబడినవి, సొంతవైనను కార్యాలయమువద్ద నమోదు చేసికొన్నవి, పూర్తిగా అపరిచితములైనవి. దత్తాంశములో లోకమునకు చెప్పదగినది, కార్యాలయమునకు లోపలిది, పరులు నమ్మి ఇచ్చినది. ఈ మూడవ విభజనమును ఆలసింపక చేయవలెను. ఏలయన, అన్నిటిని సమానముగా కాపాడబూనువాడు కొంతకాలమునకు అలసి అన్నిటిని సమానముగా విడిచిపెట్టును. నిక్షేపమేదో గుర్తించినవాడు దానిచుట్టు మాత్రము గోడ దృఢముగా కట్టుకొని, మిగిలినచోట ఊరట ఇయ్యగలడు.

అనుమతికి మెట్లు

ద్వారమువద్ద వచ్చు ప్రతి విన్నపమునకు అవును కాదు అను రెండే సమాధానములున్నవనుకొనుట ఈ విషయమున పెద్ద పొరపాటు. అవునన్నచో నిక్షేపము పోవును. కాదన్నచో పని ఆగి, ఉద్యోగి ఫైలును తన సొంత మెయిలునకు పంపుకొనును. రెండింటి నడుమ మెట్లు కలవు. ఆ మెట్లను సరిగా అమర్చుటయే ఈ విద్య. అమెరికా ప్రభుత్వ ప్రమాణముల సంస్థయైన నిస్ట్ 2020 ఆగస్టులో జీరో ట్రస్ట్ నిర్మాణమును గూర్చి వెలువరించిన పత్రమున సారాంశ మిదియే: లోపల నున్నాడు గనుక నమ్మవలెనను భావమును విడిచి, ప్రతి ప్రవేశమును, వచ్చినవాడెవరు, ఏ యంత్రముతో వచ్చినాడు, ఏమి కోరుచున్నాడు అను ప్రశ్నలతో వేరువేరుగా నిర్ణయింపవలెను. మైక్రోసాఫ్ట్‌లో కండిషనల్ యాక్సెస్ అనియు, గూగుల్‌లో కాంటెక్స్ట్-అవేర్ యాక్సెస్ అనియు వ్యవహరింపబడు ఏర్పాట్లు ఈ ప్రశ్నలను లాగిన్ సమయమున అడుగుటకే ఏర్పడినవి.

మొదటి మెట్టు, చూచుటకు మాత్రమే అనుమతి. లోబడని యంత్రమునుండి వచ్చినవారికి ఫైలును బ్రౌజర్‌లో చూపి, డౌన్‌లోడ్, ప్రింటు, సింక్ ఆపివేయుట. షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్‌లలో లోబడని యంత్రములకు మూడు మార్గములు అడ్మిన్ పేజీలోనే కలవు: పూర్తి అనుమతి, బ్రౌజర్‌లో పరిమితానుమతి, పూర్తి నిరాకరణ. నడిమిదానిని ఎన్నుకొనుట ఎక్కువ సంస్థలకు తగిన ఆరంభము. దీనితోపాటు, అట్టి యంత్రములపై లాగిన్ దినములకొలది నిలిచియుండక కొలది గంటలలో ముగియునట్లును, బ్రౌజర్ మూసిన వెంటనే తెగిపోవునట్లును అమర్పవలెను.

రెండవ మెట్టు, నడుమ నొక పర్యవేక్షకుని నిలుపుట. ఉద్యోగి బ్రౌజర్‌నకును క్లౌడ్ యాప్‌నకును నడుమ రివర్స్ ప్రాక్సీ నిలిచి, వెళ్లు ప్రతి ఫైలును, వచ్చు ప్రతి ఫైలును పరిశీలించి, ఆధార్ సంఖ్యల వంటివి కలిగిన ఫైలు దిగకుండ, మాల్‌వేర్ ఉన్న ఫైలు ఎక్కకుండ, కాపీ పేస్టు జరుగకుండ ఆపగలదు. ఇందు ఉద్యోగి యంత్రములో ఏ సాఫ్ట్‌వేర్‌ను ఉంచనక్కరలేదు. పరుల యంత్రములకు ఈ పద్ధతి తగియుండుటకు కారణ మిదియే. గార్ట్‌నర్ అను పరిశోధనా సంస్థ 2012లో ప్రచారములోనికి తెచ్చిన క్లౌడ్ యాక్సెస్ సెక్యూరిటీ బ్రోకర్ అను పేరుతో ఈ వర్గపు సాధనములు దొరకును.

మూడవ మెట్టు, సొంత ఫోనులో సంస్థకు ఒక గది. ఫోనంతటిని స్వాధీనము చేసికొనకుండ, అందలి ఔట్‌లుక్, టీమ్స్ వంటి యాప్‌లకు మాత్రము నియమములు పెట్టి, ఆఫీసు మెయిలులోని మాటను వాట్సాప్‌లోనికి కాపీ చేయనీయక, ప్రత్యేకమైన పిన్ అడిగి, ఉద్యోగి వెడలిపోయిన నాడు ఆఫీసు దత్తాంశమును మాత్రమే తుడిచివేయు ఏర్పాటు ఇది. పిల్లల ఫొటోలు, సొంత సందేశములు చెక్కుచెదరవు. సొంత ఫోనుతో పని చేయించుకొను సంస్థకు ఇంతకంటె మర్యాదయైన మార్గము లేదు.

నాలుగవ మెట్టు, నిరాకరణ. జీతముల పట్టిక, అడ్మిన్ పేజీలు, మొత్తము దత్తాంశమును ఒక్కసారిగా ఎగుమతి చేయు అధికారము, లాస్ట్‌పాస్ ఉదంతములోని తాళముల వంటివి, ఇవి లోబడని యంత్రమునుండి ఎంతటి ఉన్నతాధికారికైనను తెరువబడరాదు. అట్టి పని చేయవలసిన కాంట్రాక్టరునకు సంస్థ ల్యాప్‌టాప్‌ను గాని, దూరమున సంస్థ సర్వర్‌లో నడచు డెస్క్‌టాప్‌ను గాని ఇయ్యవలెను. ఆ వ్యయము నిక్షేపరక్షణకు మనము చెల్లింపవలసిన న్యాయమైన మూల్యము.

గోడలోని సందులు

ఈ ఏర్పాట్ల పరిమితులను తెలియనివాడు వాని వలన రక్షింపబడడు. రివర్స్ ప్రాక్సీ బ్రౌజర్‌లో జరుగుదానినే చూడగలదు. కంప్యూటరులో నిలిపిన సింక్ సాఫ్ట్‌వేర్, ఫోనులోని యాప్ దానిని తప్పించుకొని పోవును గనుక, లోబడని యంత్రములపై వానిని వేరుగా నిరోధింపవలెను. పాత మెయిలు పద్ధతులైన ఐమ్యాప్, పాప్‌లు ఒట్టి పాస్‌వర్డ్‌తో తెరచుకొన్నంత కాలము ఏ నియమమును లెక్కచేయకుండెను; మైక్రోసాఫ్ట్ తన ఎక్స్చేంజ్ ఆన్‌లైన్‌లో అట్టి లాగిన్‌లను 2022 అక్టోబరు మొదలుకొని మూసివేయసాగినది. మీ సేవలలో అట్టి పాత ద్వారములు తెరచియున్నవేమో వెదకి మూయుడు. యంత్రము మనదా కాదా యనుటకు బ్రౌజర్ చెప్పుకొను పేరును నమ్మరాదు. ఆ పేరును మార్చుట సులభము. సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్‌ను గాని, నమోదు పట్టికను గాని ప్రమాణముగా గొనవలెను.

ఇన్ఫోస్టీలర్ పాస్‌వర్డ్‌తో తృప్తి చెందదు. లాగిన్ పూర్తియైన తరువాత బ్రౌజర్ దాచుకొను కుకీని కూడ కొనిపోవును. ఆ కుకీ దొరికినవానికి పాస్‌వర్డ్‌తోను, ఓటీపీతోను పని లేదు. లాగిన్‌ల ఆయుష్షును తగ్గింపవలెననుటకు కారణ మిదియే. అనుమానము కలిగిన వెంటనే పాస్‌వర్డ్ మార్చుటతో ఆగక, తెరచియున్న లాగిన్‌లన్నిటిని రద్దు చేయవలెను. చూచుటకు మాత్రమే అనుమతించిన పుటను మరియొక ఫోను కెమెరాతో ఫొటో తీయుటను ఏ సాధనమును ఆపజాలదు. కావున అత్యంత గోప్యమైనదానికి మొదటి మెట్టు చాలదు, నాలుగవ మెట్టే తగినది.

అన్నిటికంటె ఎక్కువగా మరవబడు సందు, బయటి యాప్‌లకు ఇచ్చిన అనుమతి. ఆఫీసు గూగుల్ ఖాతాతో లాగిన్ కండని ఒక యాప్ అడుగును. మెయిలును చదువుటకు, డ్రైవ్‌ను తెరచుటకు సమ్మతి కోరును. ఉద్యోగి ఒక్కసారి మీట నొక్కును. అది మొదలుకొని ఆ యాప్ తన సర్వర్‌నుండి నేరుగా మన దత్తాంశమును తెచ్చుకొనును. ఏ యంత్రమును మన ద్వారమువద్దకు రాదు. 2017 మే 3న గూగుల్ డాక్స్ అను పేరు పెట్టుకొన్న ఒక నకిలీ యాప్ ఇట్టి సమ్మతిపుటద్వారా మెయిలునుండి మెయిలునకు వ్యాపించి కలవరము గలిగించెను. కావున అట్టి సమ్మతి అడ్మిన్ ఆమోదించిన పిదపనే చెల్లునట్లు నియమించి, ఇదివరకే ఇచ్చిన వానిని నెలకొకసారి పరిశీలించి, అనవసరమైనవానిని తొలగింపుడు.

నియమము నిలుచుట మనుష్యులవలననే

మార్గము చూపని నిషేధము మనుష్యులకు చాటుమాటు నేర్పును. పీడీయఫ్ సైటులు కూడవన్న నాడే, ఇంటర్నెట్ లేకుండ కంప్యూటరులోనే ఫైలును కుదించు సాఫ్ట్‌వేర్‌ను ప్రతి బల్లపై ఉంచవలెను. 2020 జూన్ 29న కేంద్రప్రభుత్వము నిషేధించిన 59 యాప్‌లలో క్యామ్‌స్కానర్ ఒకటి. నిన్నటివరకు దానితో పత్రములు స్కాన్ చేసినవారికి మరునాడు కూడ పత్రములు స్కాన్ చేయవలసియే యుండెను. మార్గము చూపినవారి ఉద్యోగులు ఆ మార్గమున పోయిరి. చూపనివారి ఉద్యోగులు తమకు దొరికినదానిని పట్టుకొనిరి. మీ నియమపత్రములో ప్రతి కూడదు పక్కన, దానికి బదులు ఇది అను మాట వ్రాయుడు. వ్రాయజాలనిచో ఆ నిషేధమునకు ఇంకను సమయము రాలేదని గ్రహింపుడు.

నియమమును ఒక్కదినమున అందరిపై విధింపరాదు. కండిషనల్ యాక్సెస్‌లో ఎవరిని ఆపకుండ, ఆపియుండినచో ఎవరు ఆగియుందురో నమోదు చేయు రిపోర్ట్-ఓన్లీ పద్ధతి కలదు; కొన్ని వారములు దానితో నడిపి, ఆగబోవువారితో ముందే మాటలాడుడు. నియమములో పొరపాటు దొర్లి అందరును బయటనే చిక్కుకొనిపోకుండ, రెండు అత్యవసర అడ్మిన్ ఖాతాలను నియమమునుండి మినహాయించి, వాని పాస్‌వర్డ్‌లను భద్రముగా దాచి, వానిని ఎవరైన వాడినచో వెంటనే తెలియునట్లు అమర్చుడు. మినహాయింపులు తప్పవు, కాని ప్రతి మినహాయింపునకు కోరినవాని పేరు, కారణము, ముగియు తేది ఉండవలెను. ముగియు తేది లేని మినహాయింపు మెల్లగా నియమమునే మ్రింగివేయును.

ఉద్యోగి ఫోనును గూర్చి మీరు ఏమి చూడగలరో, ఏమి చూడజాలరో స్పష్టముగా వ్రాసి ఇండు. తన సొంత సంభాషణలు ఎవరో చదువుచున్నారను భయము కలిగినవాడు మీ నమోదు పట్టికలో ఎన్నడును చేరడు.

చట్టము కూడ ఈ బాధ్యతను గుర్తించినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము, తగిన భద్రతాచర్యలు గైకొనని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చునని చెప్పుచున్నది. కేంద్రప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థయైన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశముల ప్రకారము, నిర్దేశించిన సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయవలెను. లాగ్‌లను 180 దినములు భద్రపరుపవలెను. ఏ యంత్రమునుండి ఎవరు ఏమి తెరచిరో నమోదు లేని సంస్థ ఆరు గంటలలో ఏమని తెలుపగలదు?

చిన్న కార్యాలయమునకు

పెద్ద సాధనములు కొనజాలని యజమాని నిరాశపడనక్కరలేదు. ఎక్కువ రక్షణ తక్కువ వ్యయముతోనే లభించును. ప్రతి ఉద్యోగికి వేరు ఖాతా ఇండు. ఒకే పాస్‌వర్డ్‌ను నలుగురు పంచుకొను పద్ధతిని నేడే మానుడు. ప్రతి ఖాతాకు రెండంచెల ధ్రువీకరణము పెట్టుడు. దానికి ప్రత్యేక రుసుము లేదు. ఖాతాదారుల పత్రములు తెరచుటకు ఒకటి రెండు యంత్రములను ప్రత్యేకించి, వానిపై ఆటలు, దొంగప్రతుల సాఫ్ట్‌వేర్, సొంత బ్రౌజర్ ఖాతాలు ఉండరాదని నిర్ణయింపుడు. డ్రైవ్ ఫోల్డరును ఎవరికి అవసరమో వారికే పంచి, లింకు ఉన్నవారెవరైనను చూడవచ్చునను ఏర్పాటును తొలగింపుడు. ఇంటర్నెట్ సెంటరులో ఆఫీసు ఖాతాను తెరువరాదని గట్టిగా చెప్పుడు. ఉద్యోగి మానిన దినముననే ఖాతాను మూసి, తెరచియున్న లాగిన్‌లను రద్దు చేయుడు. సంవత్సరముల తరబడి మారని పాస్‌వర్డ్‌లను గుర్తించి మార్చుడు. స్నోఫ్లేక్ ఖాతాదారులలో కొందరిని కాపాడుటకు ఈ యొక్క పని చాలియుండెడిది.

పాఠకుడా, ఈ పుటలు మూయకముందే ఒక కాగితముపై మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనుము. పరులు నమ్మి నీకిచ్చిన దత్తాంశములో మిక్కిలి విలువైనది ఏది? దానిని నేడు ఏయే యంత్రములనుండి తెరువవచ్చును? ఆ యంత్రములలో నీకు లోబడినవి ఎన్ని? మూడవ సమాధానము రెండవదానికంటె తక్కువైనచో, ఆ వ్యత్యాసము నీవు ఇంకను నెరవేర్పని బాధ్యతకు కొలత. ఖాతాదారుడు నీ ద్వారమును చూడలేదు, నీ యంత్రములను లెక్కింపలేదు. నీ మాటను మాత్రమే నమ్మినాడు. ఆ నమ్మకమునకు తగిన కట్టడిని ఈ వారముననే ఆరంభింపుము.